ఆరు నిమిషాల నీడ కోసం

ఒక ఊరిని ఎంచుకుని అక్కడే కూర్చుంటే, సంపూర్ణ సూర్యగ్రహణం ఒకసారి వచ్చాక మళ్లీ రావడానికి సగటున 375 ఏళ్లు పడుతుంది. అంటే పది పన్నెండు తరాలు. భూమి మొత్తం మీద చూస్తే మాత్రం అంత అరుదేం కాదు, ఏడాదిన్నరకు ఒకటి చొప్పున వస్తూనే ఉంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, చంద్రుడి అసలు నీడ వెడల్పు మహా అయితే 270 కిలోమీటర్లు. అది ఏ నడిసముద్రం మీదో, ఎడారి మీదో, మంచుదిబ్బల మీదో పడుతుంది. నిడివి ఎంత ఎక్కువైనా ఏడున్నర నిమిషాలు దాటదు. కాబట్టి చూడాలనుకున్నవాళ్లు మూటాముల్లే సర్దుకుని బయల్దేరాల్సిందే. దారిలో ఓడ రాయికి కొట్టుకోవచ్చు, యుద్ధం రావచ్చు, జ్వరం పట్టుకోవచ్చు. అన్నీ దాటుకుని చేరాక సమయానికి ఒక్క మబ్బుతునక అడ్డం వచ్చిందా, అంతే సంగతులు.

గ్రహణాల రికార్డులంటే ఎక్కువసేపు చూసిందెవరు, ఎక్కువసార్లు చూసిందెవరు అని లెక్కలు చెబుతుంటారు. అవీ చెప్పుకుందాం. నా మటుకు నాకు అంతకంటే పెద్ద రికార్డులు వేరే ఉన్నాయి. ఒంట్లో బాగా లేకపోయినా, ఆకాశం కలిసి రాకపోయినా వెనక్కి తగ్గనివాళ్లవి. ముందు వాళ్ల సంగతి.

రక్త విరేచనాలతో లేచి నిలబడ్డ పాద్రీ

ఈ వరసలో మొదటి పీట ఫాదర్ స్టీఫెన్ పెర్రీకే వేస్తాను. ఇంగ్లండులో స్టోనీహర్స్ట్ అబ్జర్వేటరీకి అధిపతి, జెస్యూట్ పాద్రీ, రాయల్ సొసైటీ సభ్యుడు. గ్రహణాలకీ, శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటే అంతర్యానాలకీ దేశాలు పట్టి తిరగడం ఆయనకు అలవాటే. 1874 శుక్ర అంతర్యానానికి హిందూ మహాసముద్రం అట్టడుగున చలిగాలుల కెర్గెలెన్ దీవుల దాకా వెళ్లివచ్చిన మనిషి.

1889 డిసెంబరు 22 గ్రహణానికి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ రెండు బృందాలను పంపింది. ఒకటి ఆఫ్రికాలో అంగోలాకు, రెండోది దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా తీరాన ఉన్న సాల్యూ దీవులకు. అట్లాంటిక్‌కు ఇటొకరు అటొకరు ఉంటే ఎక్కడో ఒకచోటైనా ఆకాశం తేటగా ఉంటుందని వాళ్ల లెక్క. పెర్రీ వంతుకు సాల్యూ దీవులు వచ్చాయి. ఫ్రాన్సు తన ఖైదీలను తెచ్చిపడేసే చోటది. ఉక్క, వానలు, దోమలు. పరికరాలు అమర్చే రోజుల్లోనే ఆయనకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. అయినా పని ఆపలేదు. గ్రహణం నాటికి నీరసంతో నిలబడలేని స్థితి. అలాగే కెమెరా దగ్గరికి చేరారు. సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కాస్త వ్యవధిలో అనుకున్న ప్లేట్లన్నీ వరసగా తీశారు. అంతా అయ్యాక, పని చక్కగా జరిగినందుకు ముమ్మారు జయజయధ్వానాలు చేయమని తోటివాళ్లకు చెప్పారు. తన గొంతు పెగలడం లేదు, అందుకని నెత్తిమీది టోపీ తీసి ఊపారు.

ఆ తర్వాత అయిదో రోజున, డిసెంబరు 27న, 'కోమస్' అనే యుద్ధనౌక మీద నడిసముద్రంలో ఆయన కన్నుమూశారు. వయసు 56. జార్జ్‌టౌన్‌లో ఖననం చేశారు.

ఇంతకీ అటు అంగోలాలో ఏమైంది? మబ్బు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ మనిషికీ, అమెరికా నుంచి పెద్ద బృందంతో వచ్చిన డేవిడ్ టాడ్‌కూ ఇద్దరికీ ఏమీ దక్కలేదు. అంటే ఆ రోజు ఆ నీడలో పనికొచ్చే ఫలితం రాబట్టినవాళ్లలో ప్రాణాల మీదికొచ్చిన ఈ రోగి ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్న ఆ రెండు బృందాలు లేవు.

కొండ మీంచి మోసుకొచ్చి పడుకోబెడితే

అమెరికాలో వాతావరణ సూచనలకు ఆద్యుడు క్లీవ్‌లండ్ ఆబీ. 1878 జులై 29 గ్రహణానికి ఆయన కొలరాడోలో పైక్స్ పీక్ శిఖరం ఎక్కారు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. అంత పైన గాలి పలచన, ఆకాశం తేట, సూర్యుడి చుట్టూ వెలిగే కరోనా బాగా కనిపిస్తుందని ఆశ. ఎక్కాక వరసగా కొన్ని రోజులు మంచు, వడగళ్లు, ఉరుములు. పలచని గాలికి ఆబీకి భరించలేని తలనొప్పి, అస్వస్థత. ఎత్తు పడక వచ్చే జబ్బది. కిందికి దిగితే తప్ప తగ్గదు, ఉండిపోతే ప్రాణం పోవచ్చు. గ్రహణం ఇంకెంతో దూరం లేదనగా మనుషులు ఆయన్ని మోసుకుని, శిఖరానికి చాలా దిగువన ఉన్న లేక్ హౌస్ అనే బసకు చేర్చారు. టెలిస్కోపు పైనే ఉండిపోయింది.

గ్రహణం రోజు మాత్రం ఆకాశం అద్దంలా ఉంది. ఆబీ ఆ కొండవాలులో నేల మీద వెల్లకిలా పడుకుని, టెలిస్కోపు లేకుండా, ఉత్త కళ్లజోడుతోనే చూశారు. ఆయన చూపు అంతంతమాత్రమే. ఆ చూపుకే సూర్యబింబం నుంచి రెండు పక్కలా చాలా దూరం సాగిన వెలుగుచారలు కనిపించాయి. వాటిని శ్రద్ధగా బొమ్మ గీశారు. అవి ఉల్కల గుంపులేమోనని ఆయన అనుకున్నారు గానీ నిజానికి అవి కరోనాలోనివే. సూర్యుడి మచ్చలు బాగా తగ్గిన సంవత్సరాల్లో కరోనా నడుము దగ్గర ఇలాగే పొడుగ్గా రెండు వైపులా సాగుతుంది. 1878 అలాంటి సంవత్సరమే. పైన శిఖరం మీద ఉండిపోయిన శామ్యూల్ లాంగ్లీకి కూడా ఆ చారలు చాలా పొడవుగా కనిపించాయి.

పెద్ద పరికరాలకు పెద్ద దృశ్యం పట్టదు. కన్ను ఒక్కచూపులో పట్టేస్తుంది. జబ్బు చేసి పరికరం దూరమవడం వల్లే ఆబీకి ఆ చూపు దొరికిందని నాకు అనిపిస్తుంది.

గుంటూరు, వనపర్తి, బందరు

1868 ఆగస్టు 18. ఇది మన నేల మీది గ్రహణం. నీడ అరేబియా నుంచి వచ్చి దక్కను మీదుగా సాగి గుంటూరు, మచిలీపట్నాల దగ్గర సముద్రంలో దిగి, సయాం సింధుశాఖ మీదుగా ముందుకు వెళ్లింది. అక్కడ గరిష్ఠ నిడివి 6 నిమిషాల 47 సెకన్లు. వెలుతురును విడదీసి అందులోని గీతలను చదివే వర్ణపటదర్శిని అప్పుడప్పుడే చేతికొచ్చింది, దానితో పరీక్షించిన తొలి పెద్ద గ్రహణం కూడా ఇదే. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తరఫున టెనెంట్ గుంటూరులో దిగారు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ బందరు వెళ్లారు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. ఆగస్టు అంటే మనకు నడివానాకాలం, నెల్లాళ్ల ముందు నుంచీ సామాన్లు మోసుకొచ్చినవాళ్ల గుండెలు ఎంత దడదడలాడి ఉంటాయో ఊహించుకోవచ్చు.

జాన్సెన్‌ది మరో కథ. చిన్నప్పుడు జరిగిన ప్రమాదం వల్ల ఆయనకు జీవితాంతం ఒక కాలు కుంటే. ఆ కాలుతోనే దక్షిణ అమెరికా అడవుల దగ్గర్నుంచి హిమాలయాల దాకా తిరిగారు. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం వేసి పరికరాలు బిగించారు. గ్రహణ సమయానికి ఎండ వచ్చింది. సూర్యుడి అంచున ఎర్రటి నిప్పునాలుకలు కనిపించగానే వర్ణపటం చూశారు. మెరిసే గీతలు! అంటే అవి వేడికి వెలుగుతున్న వాయువు, ప్రధానంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని గ్రహణం లేకుండా కూడా చూడొచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడికక్కడే తట్టింది. మర్నాడు పొద్దున్నే గుంటూరు ఎండలో, మామూలు సూర్యుడి అంచు మీద వర్ణపటదర్శిని చీలికను పెట్టి చూస్తే నిజంగానే కనిపించాయి. అప్పటిదాకా ఆ నిప్పునాలుకల గురించి తెలుసుకోవాలంటే ఏళ్లకోసారి కొద్ది నిమిషాలే దొరికేవి. జాన్సెన్ గుంటూరులోనే ఉండి రెండు వారాలకు పైగా రోజూ చూస్తూ కూర్చున్నారు. గ్రహణ ప్రయాణాల్లో ఇంతకు మించిన లాభం తెచ్చిన ప్రయాణం లేదనే నా అభిప్రాయం.

హీలియంను గుంటూరులో కనిపెట్టారని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. గర్వపడొచ్చు, కాకపోతే కాస్త సరిచేసి చెప్పుకోవాలి. ఆ నిప్పునాలుకల వర్ణపటంలో పసుపుపచ్చ గీతను ఆనాటి గ్రహణంలో ఒకరిద్దరు గమనించారు. అది సోడియం గీత కాదనీ, భూమ్మీద తెలియని మూలకానిదనీ ఆ తర్వాత వాదించింది ఇంగ్లండులో ఉన్న నార్మన్ లాకియర్. ఆయనా గ్రహణం అక్కర్లేకుండానే చూశారు. జాన్సెన్ ఉత్తరమూ, లాకియర్ ఉత్తరమూ పారిస్‌లో సైన్స్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. అకాడమీ ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే ఉండేలా పతకం వేయించింది. హీలియం భూమ్మీద రసాయనశాస్త్రజ్ఞుడు రామ్సే చేతికి చిక్కింది 1895లో.

అదే గ్రహణం, ఒక రాజు ప్రాణం

ఆ నీడ గుంటూరు దాటాక సయాంలో (నేటి థాయిలాండ్) వా కో అనే చిత్తడి తీరం మీద పడింది. అక్కడ ఎదురుచూస్తున్నది సాక్షాత్తూ సయాం రాజు మోంగ్‌కుట్. ఖగోళశాస్త్రం ఆయనకు ప్రాణం. గ్రహణం ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు పడుతుందో స్వయంగా లెక్క కట్టారు. ఆస్థాన జ్యోతిష్కుల లెక్కల కంటే తన లెక్క మీదే నమ్మకం పెట్టి, ఆ అడవితీరంలో విడిది కట్టించి, ఫ్రెంచి శాస్త్రజ్ఞులనూ, సింగపూరు వైపు బ్రిటిష్ గవర్నరునూ అతిథులుగా పిలిచారు. ఉదయం నుంచీ మబ్బులు. సమయానికి విడిపోయాయి. లెక్క తప్పలేదు.

అయితే ఆ చిత్తడిలోని దోమలు వదల్లేదు. రాజధానికి తిరిగివెళ్లగానే రాజుకు మలేరియా. వెంట వచ్చిన కొడుకు చులాలాంగ్‌కార్న్‌కూ వచ్చింది, ఆయన బతికారు. మోంగ్‌కుట్ మాత్రం అక్టోబరు 1న చనిపోయారు. ఆగస్టు 18ని థాయిలాండ్‌లో జాతీయ సైన్స్ దినంగా జరుపుకుంటారు. గ్రహణం చూడటానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్న రాజు చరిత్రలో ఇంకొకరు ఉన్నట్టు నేను చదవలేదు.

బెలూన్‌లో పారిపోయి, మబ్బు కిందికి

1870 డిసెంబరు 22న అల్జీరియా, స్పెయిన్, సిసిలీల మీదుగా గ్రహణం. జాన్సెన్ పారిస్‌లో ఉన్నారు. పారిస్ చుట్టూ ప్రష్యా సైన్యం. ఊళ్లోంచి చీమ బయటికి పోయే దారి లేదు. డిసెంబరు 2 తెల్లవారుజామున ఆయన తన పరికరాలతో సహా 'వోల్టా' అనే బెలూన్ ఎక్కి శత్రుసైన్యం నెత్తి మీదుగా ఎగిరిపోయారు. కొన్ని గంటల తర్వాత అట్లాంటిక్ తీరానికి దగ్గర్లో దిగారు. అక్కణ్నుంచి అల్జీరియాలో ఓరాన్. కుంటికాలు, యుద్ధం, బెలూను, సముద్రం అన్నీ దాటి చేరితే గ్రహణం వేళకు ఆకాశమంతా మబ్బు.

లాకియర్‌కూ అదే గ్రహణం, అదే గతి. ఆయన బృందం ఎక్కిన 'సైకీ' ఓడ సిసిలీ తీరంలో బండరాళ్లకు కొట్టుకుంది. మనుషులూ సామాన్లూ ఒడ్డున పడ్డాక ఎలాగో కటానియా చేరితే, మబ్బు సందులోంచి కరోనా రెప్పపాటు కనిపించి మాయమైంది.

మరుసటి ఏడాదే, 1871 డిసెంబరు 12న, ఇద్దరూ దక్షిణ భారతానికి వచ్చారు. జాన్సెన్ నీలగిరుల్లో షోలూరు అనే పల్లెలో, లాకియర్ మలబారు తీరాన బేకల్ కోటలో. ఈసారి ఇద్దరికీ ఆకాశం విడిచింది. కరోనాలో మామూలు సూర్యకాంతి గీతలు కూడా సన్నగా ఉన్నాయని జాన్సెన్ పసిగట్టారు. అంటే కరోనా వెలుగులో కొంత భాగం సూర్యకాంతే, దుమ్మురేణువుల మీద పడి చెదిరి వస్తున్నది. ఏడాది కిందట ఓరాన్‌లో చూడలేకపోయినదంతా షోలూరులో వడ్డీతో సహా వసూలైంది.

మెండలీవ్ ఒంటరిగా ఎగిరాడు

1887 ఆగస్టు 19 గ్రహణానికి రష్యాలో ఉదయం మబ్బు మూసేసింది. మూలకాల ఆవర్తన పట్టిక రాసిన దిమిత్రీ మెండలీవ్ క్లిన్ పట్నంలో బెలూన్ దగ్గర నిలబడి ఉన్నారు. పైలట్‌తో కలిసి మబ్బు పైకి వెళ్లాలన్నది ఏర్పాటు. రాత్రంతా తడిసిన బెలూను బరువెక్కి ఇద్దర్ని మోయలేకపోయింది. మెండలీవ్ పైలట్‌ను దింపేసి తానొక్కడే ఎక్కారు. బెలూను నడిపిన అనుభవం లేదు, వయసు యాభై దాటింది. కింద జనం గుండెలు అరచేతిలో పెట్టుకుని చూస్తుండగానే మబ్బుల్లోకి వెళ్లిపోయారు. పైన కరోనా చూశారు. ఆ తర్వాత చిక్కుపడ్డ వాయుకవాటం తాడును సరిచేసుకుని, మూడు కిలోమీటర్లకు పైగా ఎత్తు వెళ్లి, చీకూచింతా లేకుండా దిగారు.

అదే గ్రహణానికి జపాన్‌లో డేవిడ్ టాడ్ కాచుకుని ఉన్నారు. అక్కడా మబ్బే. రెండేళ్లకు అంగోలాలో మబ్బు అని పైన చెప్పుకున్నాం. 1896లో మళ్లీ జపాన్, మళ్లీ మబ్బు. ఇన్నిసార్లు మబ్బుపాలైన మనిషి 1900లో ట్రిపోలీకి వెళ్లారు. అక్కడ ఆకాశం నీలంగా మెరిసింది. అంతవరకూ ఆశ వదలనందుకు ఆయనకు దండం పెట్టాలి. చాలా ప్రయాణాల్లో ఆయన భార్య మేబెల్ కూడా వెంట ఉన్నారు. గ్రహణాల మీద మంచి పుస్తకం రాసిందీ ఆవిడే.

పదకొండేళ్ల ప్రయాణం, పుదుచ్చేరిలో నిరాశ

గ్రహణం కాకపోయినా లజాంతీని వదిలేయడం న్యాయం కాదు. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం కోసం ఫ్రాన్సు నుంచి 1760లో పుదుచ్చేరికి బయల్దేరారు గియోమ్ లజాంతీ. ఆయన చేరేలోగా ఊరు బ్రిటిష్‌వాళ్ల పాలైంది. 1761 జూన్ 6న ఊగే ఓడ మీంచి శుక్రుణ్ని చూశారు, కొలతలు తీయడానికి వీలు కాలేదు. ఎనిమిదేళ్లకు రెండోది ఉంది కదా అని ఇటువైపే ఉండిపోయారు. మనీలా వెళ్లారు, పుదుచ్చేరి మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాక తిరిగివచ్చి అబ్జర్వేటరీ కట్టుకున్నారు. 1769 జూన్ 4 ఉదయం సరిగ్గా ఆ వేళకు మబ్బు కమ్మింది. ఆయన వదిలివచ్చిన మనీలాలో ఆకాశం తేటగా ఉంది. ఆపైన విరేచనాలు పట్టి మంచాన పడ్డారు. 1771లో ఇల్లు చేరేసరికి చనిపోయాడనుకుని వారసులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు, అకాడమీలో ఆయన కుర్చీలో వేరొకరు కూర్చున్నారు.

ఇక్కడ ఒక విశేషం తప్పక చెప్పాలి. ఖాళీగా ఉన్న ఏళ్లలో లజాంతీ తమిళ పంచాంగకర్తల దగ్గర కూర్చుని వాళ్ల గణితం నేర్చుకున్నారు. గవ్వలు పేర్చుకుంటూ, కంఠతా పట్టిన సూత్రాలతో వాళ్లు కట్టిన 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం నిడివిలో తేడా 41 సెకన్లు. అప్పటి ఐరోపాలో మేలైనవిగా పేరున్న మేయర్ పట్టికల్లో తేడా 68 సెకన్లు. ఈ సంగతి దాచకుండా రాసిపెట్టినందుకు లజాంతీ నాకు మరీ ఇష్టుడు.

ఐన్‌స్టీన్‌ను కాపాడిన మబ్బు

1914 ఆగస్టు 21 గ్రహణానికి జర్మనీ నుంచి ఖగోళజ్ఞుడు ఫ్రాయిండ్‌లిష్ క్రిమియా వెళ్లారు. సూర్యుడి పక్కన నక్షత్రాల వెలుగు వంగుతుందన్న ఐన్‌స్టీన్ మాటను పరీక్షించాలని. ఆగస్టు మొదట్లో యుద్ధం మొదలైంది. రష్యన్లు ఆయన్ని పట్టుకుని పరికరాలు లాక్కున్నారు. కీవ్ దగ్గర అమెరికా బృందంతో ఉన్న క్యాంప్‌బెల్‌ను ఎవరూ ఆపలేదు గానీ ఆయన్ని మబ్బు ఆపింది. ఆయన దూరదర్శినులు రష్యాలోనే చిక్కుపడి 1918లో సొంత దేశంలో వచ్చిన గ్రహణానికి కూడా అందలేదు.

తమాషా ఏంటంటే, అప్పటి ఐన్‌స్టీన్ లెక్క అసలు విలువలో సగమే. ఆ రోజు ఆకాశం తేటగా ఉండి, కొలతలు సరిగ్గా వచ్చి ఉంటే ఆయన లెక్క తప్పని తేలేది. 1915లో ఆయనే దాన్ని సరిచేసుకున్నారు. 1919 మే 29న ప్రిన్సిపే దీవిలో బ్రిటిష్ ఖగోళజ్ఞుడు ఎడింగ్టన్ బృందం మబ్బుల మధ్య తీసిన కొద్ది ప్లేట్లు, బ్రెజిల్‌లో సోబ్రాల్ నుంచి వచ్చిన ప్లేట్లు కలిసి ఆ కొత్త లెక్కను నిలబెట్టాయి. ఫ్రాయిండ్‌లిష్ మాత్రం 1922లో క్రిస్మస్ దీవిలోనూ మబ్బుపాలై, చివరికి 1929లో సుమత్రాలో ఫలితం అందుకున్నారు.

74 నిమిషాల చీకటి

ఇక అంకెల రికార్డుల్లో తిరుగులేనిది 1973 జూన్ 30 నాటిది. నేల మీద ఆ గ్రహణం గరిష్ఠంగా 7 నిమిషాల 4 సెకన్లు. కాంకార్డ్ విమానపు మొదటి నమూనాలో ఉన్నవాళ్లు దాన్ని 74 నిమిషాలు చూశారు. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పియర్ లెనా ఈ ఆలోచనతో పైలట్ ఆంద్రే తుర్కా దగ్గరికి వెళ్తే ఆయన సరేనన్నారు. విమానం కప్పులో అద్దాల కిటికీలు పెట్టారు. కానరీ దీవుల్లో లాస్ పాల్మాస్ నుంచి లేచి, ధ్వనికి రెండింతలకు పైగా వేగంతో, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున ఆఫ్రికా మీదుగా నీడ వెంటే పరుగెత్తి చాద్ దేశంలో దిగింది. అంత ఎత్తున మబ్బు బెడద లేదు. ఆ విమానం ఇప్పుడు పారిస్ శివారు లె బూర్జే మ్యూజియంలో ఉంది.

ఎక్కువసార్లు చూసినవాళ్లలో జే పాసకాఫ్ పేరు ముందుంటుంది. 1959లో హార్వర్డ్‌లో మొదటి ఏడాది కుర్రాడిగా ఉన్నప్పుడు బోస్టన్‌లో వాన పడుతుంటే విమానం ఎక్కి మొదటి సంపూర్ణ గ్రహణం చూశారు. అక్కణ్నుంచి 2022లో క్యాన్సర్‌తో పోయేదాకా రకరకాల సూర్యగ్రహణాలు కలిపి డెబ్భైకి పైగా. ఆయన జత ఫ్రెడ్ ఎస్పెనాక్. అయిదు వేల ఏళ్ల కాలానికి 11,898 సూర్యగ్రహణాల పట్టిక కట్టినవారు. 1995 అక్టోబరు 24న మన రాజస్థాన్‌లో గ్రహణం చూడ్డానికి వచ్చి, కాబోయే భార్యను ఇక్కడే కలుసుకున్నారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుతో 2025 జూన్‌లో వెళ్లిపోయారు. ఇవాళ గ్రహణయాత్రకు టికెట్ కొనే ప్రతివాళ్లూ చూసే పటం ఏదో రకంగా ఆయన లెక్కలదే.

పాలెం, జాపాల

1980 ఫిబ్రవరి 16. కర్ణాటక తీరంలో మన దేశంలోకి వచ్చిన నీడ అప్పటి ఆంధ్రప్రదేశ్ మీదుగా కోణార్క్ వైపు సాగింది. శీతాకాలం చివర, మబ్బు లేని మధ్యాహ్నం. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో అమెరికన్ శాస్త్రజ్ఞుల శిబిరం. ఆనాటి కరోనా ఫొటోలు పాలెం పేరుతోనే ప్రపంచమంతా తిరిగాయి. హైదరాబాదుకు దగ్గర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జాపాల-రంగాపూర్ అబ్జర్వేటరీకి పాసకాఫ్ కూడా వచ్చి, కరోనా వెలుగులో సెకనుకోసారి వచ్చే కంపనాలుంటాయా అని వెతికారు.

అంత దూరం నుంచి వాళ్లు వస్తే మనం ఏం చేశామన్నది తలుచుకుంటే బాధేస్తుంది. అరవై దాటినవాళ్లను కదిలించండి. తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆవకాయ జాడీల మీద దర్భలేసి ఇంట్లోనే కూర్చున్నామనే చెబుతారు. రోడ్లు నిర్మానుష్యం. జనం బయటికి రాకుండా టీవీలో సినిమా వేశారు. భక్తి ఉన్నవాళ్లు పట్టుస్నానం, విడుపుస్నానం చేయడాన్ని నేను తప్పుపట్టను. అది వాళ్ల నిష్ఠ. కానీ మన ఇంటి కప్పు మీదికి నడిచొచ్చిన గ్రహణాన్ని దుప్పటి కట్టి పంపించేసిన పిల్లలు ఇవాళ అదే దృశ్యం కోసం లక్షలు పెట్టి విమానం ఎక్కుతున్నారు.

మబ్బు లెక్క

2009 జులై 22 నాటిది ఈ శతాబ్దంలోకెల్లా పొడవైనది, గరిష్ఠంగా 6 నిమిషాల 39 సెకన్లు. బీహార్‌లో తారేగ్నా అనే చిన్న ఊరికి దేశం నలుమూలల నుంచీ వేలమంది వెళ్లారు. నడివానాకాలం, మబ్బు. పొద్దున్నే చీకటి పడింది, తెల్లారింది, సూర్యుడు మాత్రం కనిపించలేదు. అక్కడికి మరీ దూరం కాని కాశీలో ఘాట్ల మీద నిలబడ్డవాళ్లకు కనిపించాడు. అదే రోజు షాంఘైలో వాన.

2024 ఏప్రిల్ 8న పాత వాతావరణ లెక్కల ప్రకారం అమెరికాలో టెక్సాస్ మేలు, ఈశాన్యాన వెర్మాంట్, మెయిన్ దండగ. జరిగింది తారుమారు. టెక్సాస్ చాలాచోట్ల మబ్బు కమ్మితే, వెర్మాంట్‌లో ఆకాశం కడిగినట్టుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ అన్నీ నీడ దారిలోనే ఉన్నాయి. ఉదయం నుంచీ మబ్బు చూసి దిగులుపడ్డవాళ్లకు సమయానికి తెరపి ఇచ్చింది. పెరట్లో కుర్చీ వేసుకుని కరోనా చూడగలిగిన తెలుగు కుటుంబాలు ఎన్నో.

ఆ తెరపికి కొన్నిసార్లు కారణం గ్రహణమే. ఎండకు నేల వేడెక్కి, గాలి పైకి లేచి కట్టే దూదిమబ్బులు గ్రహణం పట్టగానే నేల చల్లబడటంతో కరిగిపోతాయి. ముసురుమబ్బుకీ, పైన పలచగా పరుచుకునే పొరమబ్బుకీ ఇది పనిచేయదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు హోటలు గది కంటే కారు ముఖ్యమంటారు. చివరి రోజు ఉపగ్రహ చిత్రం చూసి, నీడ దారి వెంట వంద మైళ్లు అటో ఇటో జరగగలగాలి.

2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సోర్ దగ్గర 6 నిమిషాల 20 సెకన్లకు పైగా చీకటి ఉంటుంది. అక్కడ ఆగస్టులో మబ్బు దాదాపు ఉండదు, కాబట్టి ఆకాశం గురించి బెంగ అక్కర్లేదు. బెంగ ఒంటి గురించే. మిట్టమధ్యాహ్నం, 40 డిగ్రీలు దాటే ఎండ. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి మరీ టికెట్ కొనాలి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. గ్రహణం మొదలైన దగ్గర్నుంచి నీడలో కూర్చుని, చివరి పదినిమిషాలకే బయటికి వస్తే చాలు. సూర్యుడు పూర్తిగా మరుగయ్యేదాకా గ్రహణం కళ్లజోడు తీయకూడదు, వజ్రపుటుంగరంలా మళ్లీ మెరవగానే పెట్టేసుకోవాలి.

అంత దూరం వెళ్లలేనివాళ్లకు మన దేశంలోనే ఒకటుంది, 2034 మార్చి 20న కార్గిల్ మీదుగా. ఎత్తు తొమ్మిది వేల అడుగులకు దగ్గర, మార్చిలో ఇంకా మంచు కరగదు, శ్రీనగర్ వైపు నుంచి జోజిలా కనుమ దారి మూసి ఉండొచ్చు. పైక్స్ పీక్ మీద ఆబీకి జరిగింది జరగకుండా ఉండాలంటే నాలుగైదు రోజులు ముందే చేరుకుని, ఆ గాలికి ఒళ్లు అలవాటు చేసుకోవాలి.